వీధి కట్టిన రథం: క్యోటో గియోన్ పండుగ మన పిల్లలకు చెప్పే కథ

జూలై 17, ఉదయం 9 గంటలు దాటింది. జపాన్‌లోని క్యోటో నగరంలో షిజో అనే పెద్ద రోడ్డు. రోజూ బస్సులు, టాక్సీలతో నిండి ఉండే ఈ రోడ్డు మీద ఇవాళ ఒక్క వాహనం లేదు. రథాల దారికి అడ్డొస్తాయని ట్రాఫిక్ సిగ్నళ్ల స్తంభాలను కూడా పక్కకి తిప్పేశారు. రోడ్డుకు అడ్డంగా ఒక గడ్డి తాడు కట్టి ఉంది. దాని ముందు సుమారు 25 మీటర్ల ఎత్తున్న చెక్క రథం వచ్చి ఆగింది. మన లెక్కలో ఎనిమిది అంతస్తుల అపార్ట్‌మెంట్ అంత ఎత్తు.

రథం మీద, తెల్లటి పౌడరు పూసిన ముఖంతో, తల మీద బంగారు రంగు కిరీటంతో ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. వయసు ఎనిమిది నుంచి పదేళ్ల లోపు. అంటే మన మూడో తరగతో, నాలుగో తరగతో చదివే పిల్లవాడి ఈడు. అతను కత్తి ఎత్తి ఒక్క వేటుతో తాడు తెగ్గొడతాడు. వేల మంది ఒక్కసారిగా చప్పట్లు కొడతారు. రథం కదులుతుంది. దాని వెనుక ఇంకో 22 రథాలు కదులుతాయి.

దీని పేరు గియోన్ మత్సురి. జపాన్ భాషలో మత్సురి అంటే పండుగ. జపాన్‌లో ఎంతో పేరున్న ఈ వేసవి పండుగకు 1150 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. జూలై 1న మొదలై 31 వరకు నెలంతా ఏదో ఒక కార్యక్రమం సాగుతూనే ఉంటుంది. ఇంత పాత పండుగ ఇన్నాళ్లు ఎలా నిలబడింది? దీనికి జవాబు రథాల ఎత్తులో దొరకదు. ఆ రథాల మీద, రథాల చుట్టూ పిల్లలు చేసే చిన్న చిన్న పనుల్లో దొరుకుతుంది. ఆ సంగతే ఈ నెల మీతో పంచుకుంటున్నాం.

అంటువ్యాధితో మొదలైన పండుగ

క్యోటో నగరం క్రీ.శ. 794లో జపాన్ రాజధాని అయింది. అప్పట్లో దాని పేరు హేయాన్-క్యో. మూడు వైపులా కొండలు, మధ్యలో నగరం, పక్కనే కామో నది. చూడటానికి అందమైన చోటే గానీ వేసవిలో గాలి ఆడదు. జూన్, జూలై నెలల్లో వానలు పడితే నది పొంగుతుంది, బావుల్లోకి మురికి నీరు చేరుతుంది. ఆ తర్వాత ఉక్కపోత. జనం కిక్కిరిసి ఉండే నగరంలో ఇక జబ్బులు పాకడానికి ఎంతసేపు?

863లో ఒక పెద్ద అంటువ్యాధి వచ్చింది. 864లో ఫుజి పర్వతం బద్దలైంది. 869లో ఈశాన్య తీరంలో భారీ భూకంపం, సునామీ వచ్చాయి. వరసగా ఇన్ని ఆపదలు వచ్చేసరికి జనానికి ఒకటే తోచింది: అన్యాయంగా చనిపోయినవారి ఆత్మలు కోపంతో ఉన్నాయని. వాటిని శాంతింపజేయడానికి 869లో చక్రవర్తి ఆజ్ఞతో రాజోద్యానంలో పూజ చేశారు. అప్పుడు దేశంలో ఉన్న రాష్ట్రాలు 66. రాష్ట్రానికి ఒకటి చొప్పున 66 పొడవాటి ఈటెలను నిలబెట్టి, దేశమంతటి చెడు వాటిలోకి చేరాలని ప్రార్థించారు. ఈటెను జపాన్ భాషలో హోకో అంటారు. ఈనాటి పెద్ద రథాల పేరు కూడా అదే. రథం పైన ఆకాశంలోకి దూసుకుపోయినట్టు కనిపించే పొడుగాటి స్తంభం ఆ పాత ఈటెకు గుర్తు.

మొదట్లో జబ్బు వచ్చిన ఏడాది మాత్రమే ఈ పూజ చేసేవారు. 970 నుంచి ఏటా చేయడం మొదలైంది.

హైదరాబాద్, సికింద్రాబాద్ కుటుంబాలకు ఈ కథ కొత్తగా అనిపించదు. 1813లో మహమ్మారి వచ్చినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికులు అమ్మవారికి మొక్కుకున్నారనీ, అలా సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాలు మొదలయ్యాయనీ మన పెద్దలు చెబుతారు. ఆ బోనాలు, క్యోటో రథాలు దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి. ఒకదానికి ఒకటి తెలియకుండా రెండు ఊళ్లు వానాకాలపు జబ్బుల భయాన్ని పండుగగా మార్చుకున్నాయి.

గియోన్ అనే పేరు ఎక్కడిది?

బుద్ధుడు ఎన్నో వర్షాకాలాలు గడిపిన జేతవన విహారం గురించి పిల్లలు చరిత్ర పాఠాల్లో విని ఉంటారు. అది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని శ్రావస్తిలో ఉంది. జేతవనాన్ని చైనా లిపిలో రాసి జపాన్‌వారు పలికే పేరు 'గియోన్ షోజా'. గియోన్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. క్యోటోలోని ఈ ఆలయంలో కొలిచే గోజు తెన్నో అనే దేవుడు జేతవనానికి కావలి కాసేవాడని అక్కడివారు నమ్మేవారు. జబ్బులు తెచ్చేదీ, జబ్బుల నుంచి కాపాడేదీ కూడా ఆయనే. 1868లో ప్రభుత్వం బౌద్ధాన్ని, షింటో మతాన్ని విడదీసినప్పుడు ఆలయం పేరు యాసకా అని మారింది. పండుగ పేరులో మాత్రం గియోన్ అనే మాట అలాగే నిలిచింది.

ఈ దేవుడి గురించి అక్కడి ప్రతి పిల్లవాడికీ ఒక కథ తెలుసు. ఒకసారి దేవుడు బాటసారి వేషంలో వచ్చి, రాత్రి తలదాచుకోవడానికి చోటు అడిగాడు. డబ్బున్న తమ్ముడు లేదు పొమ్మన్నాడు. పేదవాడైన అన్న సోమిన్ షోరాయి మాత్రం లోపలికి పిలిచి, ఇంట్లో ఉన్న ధాన్యమే వండి పెట్టాడు. వెళ్తూ వెళ్తూ దేవుడు మాటిచ్చాడు: నీ సంతానమని గుర్తు కట్టుకున్నవారి జోలికి ఏ జబ్బూ రాదు.

అందుకే ఈ పండుగలో వెదురు ఆకులు చుట్టి కట్టిన 'చిమాకి' అనే చిన్న కట్టను కొని, ఇంటి గుమ్మానికి వేలాడదీస్తారు. 'మేము సోమిన్ షోరాయి సంతానం' అనే చీటీ దానికి కట్టి ఉంటుంది. మనం మామిడాకులు కట్టినట్టే అనుకోండి, కానీ ఇది మళ్లీ వచ్చే జూలై దాకా అక్కడే ఉంటుంది. పేరు విని తినేదేమో అనుకోవద్దు. అదే పేరుతో ఒక మిఠాయి ఉంది గానీ, ఇది తినడానికి పనికిరాదు.

మేకు లేని రథం

రథాలు మొత్తం 34. జూలై 17న 23, జూలై 24న 11 ఊరేగుతాయి. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. 'హోకో' అంటే పెద్ద చక్రాల మీద కదిలే ఎత్తైన రథం. 'యామా' అంటే కొండ. చిన్న కొండలా అలంకరించి, దాని మీద పైన్ చెట్టు నిలిపి, ఏదో ఒక కథలోని బొమ్మలు పెడతారు. మంచులో తవ్వి తల్లికి వెదురు మొలక తెచ్చిన కొడుకు, జలపాతం ఎక్కిన చేప, బండికి ఎదురు నిలిచిన గొల్లభామ పురుగు ఇలా ఒక్కో యామాకు ఒక్కో కథ. ఆ గొల్లభామ రథం మీద బొమ్మ నిజంగానే కాళ్లు, రెక్కలు కదుపుతుంది. పిల్లలు ఎక్కువసేపు నిలబడిపోయేది దాని ముందే.

పెద్ద రథం బరువు 12 టన్నుల వరకు ఉంటుంది. చక్రం మనిషి కంటే ఎత్తు. ఇంత రథాన్నీ ఏటా జూలై 10 నుంచి విడి ముక్కలతో కొత్తగా కడతారు. చట్రానికి మేకులు వాడరు. చెక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి, గడ్డి తాళ్లతో బిగిస్తారు. మేకు కొడితే చట్రం గట్టిగా బిగుసుకుపోయి, రథం ఊగినప్పుడు చెక్క చీలుతుంది. తాడు అయితే ఊపుకు కొంచెం సాగి, మళ్లీ సర్దుకుంటుంది. భూకంపాల దేశంలో వడ్రంగులకు తెలిసిన విద్య ఇది.

ముందు చక్రాలు పక్కకి తిరగవు. మరి వీధి మూలలో 12 టన్నుల రథాన్ని ఎలా తిప్పుతారు? చక్రాల కింద చీల్చిన వెదురు బద్దలు పరిచి నీళ్లు పోస్తారు. రథం ముందు నిలబడ్డవాళ్లు విసనకర్రలు ఊపుతూ 'ఎన్యారయా' అని కేక వేయగానే, నలభై యాభై మంది తాడును పక్కకి లాగుతారు. తడి వెదురు మీద చక్రాలు జారి రథం కొంత తిరుగుతుంది. బద్దలు సర్ది మళ్లీ లాగుతారు. ఇలా కొన్ని విడతల్లో రథం పూర్తిగా కొత్త వీధి వైపు తిరుగుతుంది. మన ఊళ్ల రథోత్సవంలో చక్రం కింద చెక్క పెట్టి రథాన్ని అదుపు చేసేవాళ్లను చూసినవారికి ఆ క్షణంలో ఉండే ఉత్కంఠ తెలుసు.

ఊరేగింపు అయిపోగానే రథాన్ని విప్పేస్తారు. వీధుల్లోని చెడునంతా రథం తనలోకి తీసుకుందని నమ్మకం. అందుకే దాన్ని ఎక్కువసేపు నిలబెట్టి ఉంచరు. అదే సాయంత్రం దేవుడి పల్లకీలు మూడు శుభ్రమైన వీధుల్లోకి బయలుదేరుతాయి. చూసేవాళ్లకు రథాలే పండుగ. ఆలయం లెక్కలో మాత్రం రథాలు దేవుడి కోసం ముందుగా ఊడ్చి పెట్టిన దారి.

పూజ ఆగినా రథం ఆగకూడదు

ఈ రథాలు రాజుగారివీ కాదు, ఆలయానివీ కాదు. వీధులవి. క్యోటో నడిబొడ్డున పట్టు, రంగులు, బట్టల వ్యాపారం చేసే కుటుంబాలు ఉండే వీధులవి. ఒక్కో రథానికి ఒక్కో వీధి. ఖర్చు వాళ్లదే, పని వాళ్లదే, పేరు కూడా వాళ్లదే.

1467లో మొదలైన ఓనిన్ యుద్ధం పదేళ్లు సాగి క్యోటోను బూడిద చేసింది. రథాల పండుగ ముప్ఫై ఏళ్లకు పైగా ఆగిపోయింది. 1500లో వీధులవాళ్లే మళ్లీ నిలబెట్టారు. ముందు ఎవరి రథం నడవాలన్న గొడవ రాకుండా చీటీలు తీయడం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ జూలై 2న నగర మేయర్ సమక్షంలో చీటీలు తీస్తారు. కొన్ని రథాలకు మాత్రం చీటీ లేదు. ఎప్పుడూ ముందు నడిచేది నాగినాతా రథమే. మొదట్లో చెప్పిన పిల్లవాడు కూర్చునేది దాని మీదే.

1533లో మరో పరీక్ష వచ్చింది. షోగున్ ప్రభుత్వం ఆలయ ఉత్సవాన్ని ఆపమంది. వీధుల పెద్దలు వెళ్లి, పూజలు లేకపోయినా సరే, రథాలు మాత్రం తిప్పుకోనివ్వండి అని అడిగారు. చరిత్రకారులు ఈ సంఘటనను తరచూ గుర్తు చేస్తారు. పండుగ తమది అని మామూలు జనం అంత గట్టిగా చెప్పిన సందర్భం అది.

రథం మీద బెల్జియం, రథం మీద దక్కన్

బట్టల వ్యాపారులు రథం కడితే దానికి ఎలాంటి బట్ట చుడతారు? దొరికినవాటిలో అన్నిటికంటే మంచిది. పక్క వీధి రథం కంటే మంచిది. అందుకే ఈ రథాలను 'కదిలే మ్యూజియం' అని పిలుస్తారు. కాంకో రథానికి ముందు కట్టే పాత తెర 16వ శతాబ్దంలో బెల్జియం ప్రాంతంలో నేసినది, అందులో బైబిల్ కథ ఉంది. చేప రథం తెర మీద గ్రీకుల ట్రాయ్ యుద్ధపు రాజు, రాణి ఉన్నారు. చైనా పట్టు, పర్షియా తివాచీలు, కొరియా నేత కూడా ఉన్నాయి. విదేశీయులను దాదాపు రానివ్వని రోజుల్లో కూడా క్యోటో వ్యాపారులు ప్రపంచాన్ని తమ వీధికి తెచ్చుకున్నారు.

ఈ నిధిలో మన వైపు నుంచి వెళ్లినవి కూడా ఉన్నాయి. గియోన్ రథాల మీది పాత తివాచీలను పరిశీలించిన పండితులు వాటిలో కొన్ని దక్కన్‌లో నేసినవని గుర్తించారు. పువ్వుల అద్దకం వేసిన 17వ శతాబ్దపు భారతీయ నూలు బట్టలు కూడా రథాల వీధుల దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇలాంటి అద్దకాన్ని జపాన్‌లో 'సరాసా' అంటారు.

ఇవి అంత దూరం ఎలా వెళ్లాయి? డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరంలో అద్దిన బట్టకు ఆసియా అంతటా గిరాకీ ఉండేది. 1641 నుంచి జపాన్‌లో వ్యాపారం చేయడానికి అనుమతి ఉన్న యూరప్‌వారు డచ్‌వారు మాత్రమే. వాళ్లు కూడా నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవి దాటి బయటికి రాకూడదు. వాళ్ల ఓడల్లో వెళ్లిన సరుకుల్లో మన తీరపు బట్ట కూడా ఉంది. మచిలీపట్నం, పెడన ప్రాంతంలో కలంకారీ అద్దకం ఈనాటికీ బతికే ఉంది. ఆ బట్ట దుపట్టాగానో, దుప్పటిగానో మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

పిల్లలకు ఇచ్చే పని

ఇక అసలు సంగతికి వద్దాం. పెద్ద రథం పైన సంగీతం వాయించే బృందం కూర్చుంటుంది. గంట, వేణువు, డోలు. ఆ గంట మోతను అనుకరించి ఆ సంగీతాన్ని 'కొంచికిచిన్' అని ముద్దుగా పిలుస్తారు. జూలై మొదట్లో సాయంత్రాలు ఆ వీధుల్లో నడిస్తే, మేడ మీది గదుల్లోంచి ఈ రిహార్సల్స్ వినిపిస్తాయి.

బృందంలో చేరే పిల్లవాడికి మొదట ఇచ్చేది గంట. సాధారణంగా ప్రైమరీ స్కూల్లో ఉండగానే చేరతాడు. చిన్న సుత్తితో గంట లోపలి భాగాన్ని కొట్టాలి. పైనా, కిందా, మధ్యలో ఎక్కడ తగిలితే అక్కడ వేరే మోత. పక్కన కూర్చున్న అన్నయ్యల చేతులు చూస్తూ నేర్చుకుంటాడు. కొన్నేళ్లు గంట వాయించాకే వేణువో, డోలో చేతికి ఇస్తారు. అప్పటికి అతని గంట ఇంకొక చిన్నవాడి చేతికి వెళ్తుంది. ఒకే రథం మీద తాత డోలు, తండ్రి వేణువు, మనవడు గంట వాయించే కుటుంబాలు ఉన్నాయి.

జపాన్ స్కూళ్లకు వేసవి సెలవులు చాలాచోట్ల జూలై మూడో వారం దాటాకే మొదలవుతాయి. అంటే ఈ రిహార్సల్స్ చాలావరకు స్కూల్ రోజుల సాయంత్రాల్లోనే జరుగుతాయి. వాళ్లకూ హోంవర్క్ ఉంది, ట్యూషన్లు ఉన్నాయి, ఎంట్రన్స్ పరీక్షల ఒత్తిడి మన కంటే తక్కువేమీ కాదు. అయినా ఆ నెల సాయంత్రాలు పండుగకు ఇస్తారు.

వాయించని పిల్లలకు వేరే పనులున్నాయి. ఊరేగింపు ముందు రాత్రుల్లో కాగితపు లాంతర్ల వెలుగులో రథాలు నిలబడి ఉంటాయి. పాత ఇళ్లవాళ్లు తలుపులు తెరిచి, తరాల నాటి బొమ్మల తెరలను వీధిలోకి కనిపించేలా పెడతారు. ఆ రాత్రుల్లో యుకతా అనే నూలు బట్టలు కట్టుకున్న చిన్న పిల్లలు వరసగా కూర్చుని, కొవ్వొత్తులు, చిమాకీలు కొనండి అంటూ పాట పాడి అమ్ముతారు. గొంతు బొంగురుపోయినా ఆపరు. ఆ డబ్బు రథం ఖర్చుకే వెళ్తుంది.

ఊరేగింపు దారిలో చీటీ చూపించే ఘట్టం ఒకటి ఉంటుంది. ఒక్కో వీధి ప్రతినిధి మేయర్ ముందుకు నడిచి వెళ్లి, చీటీ ఉన్న పెట్టెకు కట్టిన తాడును చేత్తో ముట్టుకోకుండా, విసనకర్రతో విప్పాలి. కొన్ని వీధులు ఈ పనిని పిల్లలకు అప్పగిస్తాయి. నగరమంతా చూస్తుండగా పదేళ్ల పిల్లవాడు తాడు విప్పుతాడు. ఒక్కోసారి తాడు చిక్కుపడుతుంది. ఎవరూ పరుగెత్తి వెళ్లి సాయం చేయరు. విప్పేదాకా ఆగుతారు.

నాగినాతా రథం మీది పిల్లవాణ్ణి 'చిగో' అంటారు. ఆ నెలలో అతను దేవుడి ప్రతినిధి. వంట వేరే పొయ్యి మీద చేస్తారు. ఊరేగింపు రోజున అతని కాలు నేలను తాకకూడదు కాబట్టి, బలమైన ఒక మనిషి భుజం మీద మోసుకుని నిచ్చెన ఎక్కిస్తాడు. ఇంత గౌరవంతో పాటు ఖర్చు కూడా ఆ కుటుంబం మీద ఎక్కువే పడుతుంది. అందుకని ఆ చోటు అందరికీ దక్కదు. టీవీలో కనిపించేది ఆ ఒక్క పిల్లవాడే. పండుగను ముందుకు నడిపేది మాత్రం గంటలు కొట్టే, పాటలు పాడే, తాళ్లు విప్పే మిగతా పిల్లలు.

196 ఏళ్లు ఎదురు చూసిన వీధి

ఈ మాట ఊరికే అనడం లేదు. 1788లో, 1864లో వచ్చిన పెద్ద అగ్నిప్రమాదాల్లో చాలా రథాలు కాలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి 1946 వరకు ఊరేగింపు లేదు. 1962లో షిజో రోడ్డు కింద రైలు సొరంగం తవ్వుతున్నారని ఆపారు. ప్రతిసారీ మళ్లీ మొదలైంది.

తాకా రథం కథ వీటన్నిటిలోకీ వేరు. డేగలతో వేటాడే మనిషి, కుక్కను పట్టుకున్నవాడు, పీపా మోసేవాడు, ఈ ముగ్గురి బొమ్మలు ఆ రథానివి. 1826లో గాలివానకు రథం దెబ్బతింది. తర్వాత 1864 మంటల్లో చాలా భాగం పోయింది. బొమ్మలు మిగిలాయి. ఆ వీధివాళ్లు రథం లేకుండానే పండుగ రాత్రుల్లో ఆ మూడు బొమ్మలను బయట పెట్టి పూజించారు. తాతలు పోయారు, మనవలు తాతలయ్యారు, ఆ వీధిలో రథాన్ని కళ్లతో చూసిన మనిషి ఒక్కరూ మిగలలేదు. అయినా బొమ్మలను అటక మీద పడేయలేదు.

ఈ శతాబ్దంలో ఆ వీధి మళ్లీ పూనుకుంది. పాత బొమ్మల చిత్రాలు, పత్రాలు చూసి రథం ఎలా ఉండేదో లెక్క కట్టారు. సంగీతం ఎప్పుడో మరుగున పడింది కాబట్టి కొత్తగా బృందం కట్టి నేర్చుకున్నారు. మిగతా రథాలవాళ్లు సాయం పట్టారు. 2022లో, 196 ఏళ్ల తర్వాత, తాకా రథం ఊరేగింపులో కదిలింది.

అదే 2022కు ఇంకో ప్రత్యేకత ఉంది. కోవిడ్ వల్ల 2020లో, 2021లో రథాల ఊరేగింపు లేదు. అంటువ్యాధిని తరమడానికి పుట్టిన పండుగ అంటువ్యాధి వల్లే ఆగింది. 2021లో ఊరేగింపు లేదని తెలిసి కూడా చాలా వీధులు తమ రథాలను కట్టాయి. ఎందుకు? రెండేళ్లు వరసగా కట్టకపోతే తాడు ముడి వేసే పద్ధతి కుర్రవాళ్ల చేతులు మర్చిపోతాయని. కట్టారు, నిలబెట్టారు, విప్పేశారు. ముడి ఎలా వేయాలో చేతులకు గుర్తుండిపోయింది.

మారుతున్నవి

అన్నీ బాగున్నాయని చెప్పడం సరికాదు. తరతరాలుగా ఆడవాళ్లను రథం ఎక్కనివ్వలేదు. గత రెండు మూడు దశాబ్దాల్లో కొన్ని వీధులు ఆడపిల్లలను వాద్య బృందాల్లో చేర్చుకున్నాయి. కొన్ని రథాల మీదికి మాత్రం ఇప్పటికీ అనుమతి లేదు. అక్కడ దీని మీద చర్చ జరుగుతూనే ఉంది.

ఇంకో మార్పు మన నగరాల్లో మనమూ చూస్తున్నదే. పాత వ్యాపార కుటుంబాలు శివార్లకు వెళ్లాయి. వాటి ఇళ్ల చోట్లలో ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు లేచాయి. కొన్ని వీధుల్లో నివాసం ఉండే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అందుకని కొన్ని వీధులు కొత్తగా వచ్చిన అపార్ట్‌మెంట్ కుటుంబాలకు తలుపులు తెరిచాయి. నిన్న మొన్న అద్దెకు దిగిన ఇంటి పిల్లవాడు కూడా ఇప్పుడు పాట పాడి చిమాకీ అమ్ముతున్నాడు. వీధి మనుషులు మారినా పని మాత్రం వీధిలోనే ఉండిపోయింది.

2009లో యునెస్కో ఈ రథాల ఊరేగింపును మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అది గొప్ప గౌరవమే. కానీ జూలై సాయంత్రాల్లో పిల్లల చేతికి గంట ఇచ్చేది యునెస్కో కాదు, పక్కింటి పెద్దాయన.

ఈ నెల ఇంట్లో పిల్లలతో

మరో రెండు నెలల్లోపే మనకు వినాయక చవితి, ఆ తర్వాత బతుకమ్మ, దసరా వరసగా వస్తాయి. మన పిల్లలకు పండుగ అంటే సెలవు, కొత్త బట్టలు, ఫొటోలు. మన చిన్నప్పుడు పత్రి ఏరుకు రావడం, గుమ్మానికి పసుపు రాయడం, పందిరికి తాడు కట్టడం మన పనులు. ఇప్పుడు అవన్నీ ఆర్డర్ పెడితే ఇంటికి వస్తున్నాయి. పిల్లలకు చదువు పాడవుతుందని మనమే ఆ పనులు తీసేసుకున్నాం. వీలైతే ఈ నెల ఇవి ప్రయత్నించండి.

* అమ్మమ్మ, తాతయ్యలను పిల్లలే అడగాలి: చిన్నప్పుడు మీ ఊరి పండుగలో మీ పని ఏమిటి? ఆ పని మీకు ఎవరు నేర్పారు? జవాబులు పిల్లలు తమ మాటల్లో రాసుకోవాలి.

* ప్రపంచ పటంలో మచిలీపట్నం, నాగసాకి, క్యోటో, బ్రస్సెల్స్ గుర్తించి, బట్టలు ఏ సముద్రాల మీదుగా వెళ్లి ఉంటాయో గీత గీయమనండి.

* ఒక కీరదోసకాయను అడ్డంగా కోసి చూపించండి. ఆ గుండ్రటి ముక్క యాసకా ఆలయం గుర్తులా ఉంటుందని, ఆ ఆలయాన్ని నమ్మేవారిలో చాలామంది జూలైలో కీరా తినరు. పిల్లలు ఈ సంగతి మర్చిపోరు.

* రాబోయే పండుగలో పిల్లలకు ఒక పని పూర్తిగా అప్పగించండి. తోరణం కట్టడమో, ప్రసాదం పంచడమో, పక్క ఫ్లాట్లవాళ్లను పిలవడమో. వంకరగా వచ్చినా మీరు సరిచేయవద్దు. వచ్చే ఏడాది కూడా అదే పని వాళ్లదే అని ఇప్పుడే చెప్పండి.

తోరణం మొదటి ఏడు వంకరగానే వస్తుంది. క్యోటోలో మేయర్ ముందు ఆ పిల్లవాడి తాడు చిక్కుపడినప్పుడు నగరమంతా ఓపికగా నిలబడింది. మన ఇంట్లో ఒక పది నిమిషాలు ఆగితే చాలు.